డిజేబిలిటీ పెన్షన్ కాదన్నారా? గుంటూరు, విజయవాడ మాజీ సైనికులకు అప్పీలు మార్గదర్శి

మీ సర్వీసు కాగితాలు ఉండే రికార్డ్స్ ఆఫీసు నుంచి కవరు వస్తుంది. మీకున్న జబ్బు సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు, అందుకని డిజేబిలిటీ ఎలిమెంట్ (పెన్షన్‌లో వైకల్యానికి ఇచ్చే భాగం) ఇవ్వలేం, అభ్యంతరం ఉంటే ఆరు నెలల్లోగా అప్పీలు చేసుకోవచ్చు అని అందులో ఉంటుంది. మన వైపు చాలామంది ఆ కాగితాన్ని డిశ్చార్జ్ బుక్కులో మడిచిపెట్టి, సర్కారే కాదన్నాక మనమేం చేస్తాంలే అని ఊరుకుంటారు. ఇంకొందరు అదే రోజు కోపంలో ఒక పేజీ రాసి పంపేస్తారు. ఇరవై ఏళ్లు దేశసేవ చేశాను, మంచులో నిలబడ్డాను, ఇద్దరు ఆడపిల్లలు, దయచేసి పెన్షన్ మంజూరు చేయగలరు. ఊరుకున్నవాళ్లకూ రాదు, ఇలా రాసినవాళ్లకూ రాదు.

అప్పీలు కమిటీ ముందు ఉండేది మీ ఫైలు. మెడికల్ బోర్డు ఏ కారణంతో కాదంది, ఆ కారణం కాగితాల ముందు నిలబడుతుందా అన్నదే ప్రశ్న. కాబట్టి పని మొత్తం ఆ ఒక్క కారణాన్ని పట్టుకోవడంలోనే ఉంది. మిగతాదంతా తేదీలు, తపాలా, ఓపిక.

మీ కేసు ఏ రకం?

డిజేబిలిటీ ఎలిమెంట్ రావాలంటే రెండు షరతులు. జబ్బుకో గాయానికో సర్వీసుతో సంబంధం ఉండాలి, అంటే సర్వీసు వల్ల వచ్చి ఉండాలి లేదా సర్వీసులో ముదిరి ఉండాలి. రెండోది, వైకల్యం 20 శాతం గానీ అంతకు మించి గానీ ఉందని బోర్డు తేల్చాలి.

ఎక్కువ మందికి దెబ్బ తగిలేది మొదటి షరతు దగ్గరే. బోర్డు 30 శాతమో 40 శాతమో వేస్తుంది. పక్క గడిలో మాత్రం సర్వీసుతో సంబంధం లేదని రాస్తుంది. మనవాళ్లు దీన్ని 'నానా కేసు' (నైదర్ ఆట్రిబ్యూటబుల్ నార్ ఆగ్రవేటెడ్) అంటారు. అప్పీలు బలంగా చేయగలిగేది ఈ రకంలోనే.

రెండో రకంలో సంబంధం ఒప్పుకుంటారు గానీ శాతం 20 లోపు వేస్తారు. సర్వీసు పూర్తి చేసుకుని రిటైరైనవాళ్లకు ఇది కాస్త కష్టమైన కేసు. బోర్డు డాక్టర్లు వేసిన అంకెను కమిటీలు గానీ కోర్టులు గానీ తేలిగ్గా మార్చవు. కొత్త వైద్య ఆధారం చూపి మళ్లీ బోర్డు పెట్టించుకోవాలి. సర్వీసు మధ్యలోనే మెడికల్‌గా ఇంటికి పంపేసిన కేసు అయితే లెక్క వేరు. అలా ఇన్‌వాలిడ్ చేశారంటేనే వైకల్యం 20 శాతం పైన ఉన్నట్టు భావించాలని సుఖ్‌విందర్ సింగ్ కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పింది.

మూడో రకంలో అన్నీ ఒప్పుకున్నారు, పెన్షన్ కూడా వస్తోంది, కానీ శాతం పై మెట్టుకు పెంచలేదు. దీన్నే బ్రాడ్ బ్యాండింగ్ అంటారు. 50 లోపు ఉంటే 50గా, 50 నుంచి 75 వరకు ఉంటే 75గా, 76 ఆపైన ఉంటే 100గా లెక్క కడతారు. మొదట్లో ఇది ఇన్‌వాలిడ్ అయినవాళ్లకే ఉండేది. రామ్ అవతార్ కేసులో 2014 డిసెంబరు 10న సుప్రీంకోర్టు, సర్వీసు పూర్తి చేసి రిటైరైనవాళ్లకు కూడా ఇవ్వాల్సిందేనని తేల్చింది. పాత రిటైరీల్లో కొందరి పీపీఓలో (పెన్షన్ మంజూరు పత్రంలో) ఇప్పటికీ 30 శాతమే కనిపిస్తుంది. వాళ్లు అప్పీళ్ల దాకా వెళ్లే ముందు రికార్డ్స్ ఆఫీసుకు ఒక దరఖాస్తు పెట్టి చూడాలి. అయితే ఒక హద్దు ఉంది. రిటైరైనవాళ్లకు శాతం 20 లోపు ఉంటే బ్రాడ్ బ్యాండింగ్ వర్తించదని వింగ్ కమాండర్ రాథోర్ కేసులో 2019 డిసెంబరులో అదే కోర్టు చెప్పింది. 15 శాతాన్ని 50 చేయిస్తానని ఎవరైనా అంటే ఆ మాట నమ్మకండి.

డబ్బు ఎంత తేడా అనేది కూడా చూసుకోవాలి. రిటైరయ్యేనాటికి బేసిక్, మిలిటరీ సర్వీస్ పే, గ్రూప్ పే లాంటివి కలిపి 50,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. 100 శాతం వైకల్యానికి అందులో 30 శాతం, అంటే 15,000. 30 శాతం వైకల్యమైతే 4,500. అదే 50గా లెక్కగడితే 7,500. దీనిపైన డీఆర్ (కరవు భృతి) అదనం. యుద్ధంలోనో ఆపరేషన్లలోనో గాయపడి బ్యాటిల్ క్యాజువాల్టీగా నమోదైనవాళ్లకు వచ్చేది వార్ ఇంజ్యురీ పెన్షన్. దాని రేట్లు వేరు, ఎక్కువ కూడా.

ఇంకో సంగతి. మీరు 2023 సెప్టెంబరు 21 తర్వాత బయటికొచ్చి ఉంటే మీకు కొత్త ఎంటైటిల్‌మెంట్ రూల్స్ వర్తిస్తాయి. సర్వీసు పూర్తి చేసి లో మెడికల్ కేటగిరీలో (పూర్తి ఫిట్‌గా లేని వర్గంలో) రిటైరైనవాళ్ల విషయంలో అక్కడ 'ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్' అనే మాట వాడారు. అంతకుముందు రిటైరైనవాళ్లకు 1982 లేదా 2008 రూల్స్. అప్పీలులో తప్పు రూలు ఉటంకిస్తే మొదటి పేజీలోనే కేసు పలచబడిపోతుంది. డిశ్చార్జ్ తేదీ చూసుకుని రాయండి.

కాగితాలు తెప్పించుకోవడం

మీ దగ్గర ఉండి తీరాల్సిన కాగితం మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్, అంటే ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 ఫారం. రిటైరయ్యేముందు జరిగేది రిలీజ్ మెడికల్ బోర్డు, మధ్యలో పంపేసినప్పుడు జరిగేది ఇన్‌వాలిడింగ్ మెడికల్ బోర్డు. రెండింటికీ ఫారం ఇదే. చాలామంది దగ్గర దీని ప్రతి ఉండదు. ఇంటికెళ్లే హడావుడిలో సంతకం పెట్టేసి వచ్చేస్తారు.

లేకపోతే రికార్డ్స్ ఆఫీసులోని సమాచార అధికారికి ఆర్‌టీఐ పెట్టండి. ఫీజు 10 రూపాయలు, పోస్టల్ ఆర్డర్ జతచేస్తే సరిపోతుంది. 30 రోజుల్లో జవాబు రావాలి. మీ కోర్ ఏదో దాన్నిబట్టి ఆఫీసు ఉంటుంది. ఈఎంఈ, ఏఓసీ అయితే సికింద్రాబాద్, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అయితే బెంగళూరు, మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్. మళ్లీ డీఎస్‌సీలో (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్) చేరి అక్కడి నుంచి రిటైరైనవాళ్లకు కన్నూర్. దరఖాస్తులో ఆర్మీ నంబరు, ర్యాంకు, డిశ్చార్జ్ తేదీ, పీపీఓ నంబరు రాసి వీటిని అడగండి:

– ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 అన్ని పేజీలు, బోర్డు అభిప్రాయం ఉన్న భాగంతో సహా
– భర్తీ సమయంలో జరిగిన వైద్య పరీక్ష రిపోర్టు
– సర్వీసులో జరిగిన కేటగరైజేషన్ బోర్డులు, స్పెషలిస్టు అభిప్రాయాలు
– ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ యూనిట్, అది ఫీల్డా (సరిహద్దు, ఆపరేషన్ల ప్రాంతం) పీసా (శాంతి ప్రాంతం) అన్న పోస్టింగ్ వివరాలు
– గాయమైతే ఇంజ్యురీ రిపోర్టు, కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ ప్రొసీడింగ్స్
– క్లెయిమ్ తిరస్కరిస్తూ చేసిన నిర్ణయం ప్రతి

పాత కేసుల్లో మెడికల్ డాక్యుమెంట్లు గడువు దాటాక నాశనం చేశామని జవాబు వస్తుంది. ఆ జవాబును పారేయకండి. బోర్డు కారణం చూపించలేని స్థితిలో వాళ్లు ఉన్నారనడానికి అదే మీకు సాక్ష్యం. అయితే 2008 రూల్స్ ప్రకారం, రిటైరై పదిహేనేళ్లు దాటాక క్లెయిమ్ పెడితే రుజువు చేసే బాధ్యత మీ మీదకు మారుతుంది. ఆలస్యం చేసేకొద్దీ కాగితం మీకు దూరమవుతుంది, బరువు మీ వైపు పెరుగుతుంది.

ఆర్‌టీఐ జవాబు కోసం ఎదురుచూస్తున్నా అప్పీలు గడియారం ఆగదు. ఆరు నెలలు దగ్గర పడుతుంటే చేతిలో ఉన్నవాటితోనే అప్పీలు పంపేసి, కాగితాలు అందాక అదనపు వివరాలు సమర్పిస్తానని చివర్లో ఒక వాక్యం రాయండి.

ఆ ఫారం ఎలా చదవాలి

ఒక సాయంత్రం తీరిగ్గా కూర్చుని, పెన్సిల్ పట్టుకుని ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16ను మొదటి నుంచి చదవండి. ఇంట్లో ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి.

మొదటి భాగంలో మీ పోస్టింగుల పట్టిక ఉంటుంది. ప్రతి చోటుకూ ఫీల్డ్ లేదా పీస్ అని గుర్తు ఉంటుంది. మీ డిశ్చార్జ్ బుక్కుతో, మీ జ్ఞాపకంతో సరిచూడండి. కౌంటర్ ఇన్‌సర్జెన్సీ ఏరియాలో చేసిన కాలం పీస్‌గా పడితే కేసు దెబ్బతింటుంది. సర్వీసులో చేరకముందు ఈ జబ్బు ఉందా అన్న ప్రశ్నకు మీరు లేదని రాశారా, మొదట ఎప్పుడు, ఎక్కడ కనిపించిందని రాశారు అన్నవి కూడా అక్కడే ఉంటాయి.

అసలు విషయం బోర్డు అభిప్రాయం పేజీలో ఉంది. ఒక్కో జబ్బుకు ఒక్కో అడ్డ వరస. సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసులో ముదిరిందా, సంబంధం లేదా అన్న మూడు గడుల్లో అవును, కాదు. ఆ పక్కన కారణం రాయాల్సిన గడి. ముందు ఆ గడి చూడండి. చాలా ఫారాల్లో అక్కడ ఒకే ఒక్క ముక్క ఉంటుంది. 'పీస్ స్టేషన్‌లో మొదలైంది' అనో, 'శరీర తత్వం వల్ల వచ్చే జబ్బు' అనో, 'మెడికల్ గైడ్ ఫలానా పేరా ప్రకారం' అనో. కొన్నింట్లో అది కూడా ఉండదు, ఖాళీ.

కింద మరో ప్రశ్న ఉంటుంది. భర్తీకి ముందే ఈ జబ్బు ఉందా? దానికి బోర్డు 'లేదు' అని రాస్తే మీ కేసుకు సగం పునాది పడినట్టే. ముందు లేదు, సర్వీసులో వచ్చింది, కానీ సర్వీసుకు సంబంధం లేదు అంటే ఎందుకు లేదో వాళ్లే చెప్పాలి కదా. మీ నిర్లక్ష్యం వల్ల వచ్చిందా, వైద్యం నిరాకరించారా అన్న ప్రశ్నలకు ఏం రాశారో కూడా చూడండి. ఆపరేషన్ వద్దన్నారని రాసి ఉంటే, ఎందుకు వద్దన్నారో అప్పీలులో తప్పక చెప్పాలి.

చివర్లో శాతాలు. ఒక్కో జబ్బుకు విడిగా, తర్వాత అన్నీ కలిపిన మొత్తం, ఆ కింద పెన్షన్‌కు అర్హమైన శాతం. మొత్తం 40 శాతం, పెన్షన్‌కు అర్హమైనది సున్నా అని కనిపిస్తే నానా కేసు అని అర్థం. రెండు జబ్బుల శాతాలను మామూలుగా కూడితే వచ్చే అంకె అక్కడ ఉండదు. కలిపి లెక్కించే పద్ధతి వేరు. అది పొరపాటని అప్పీలులో రాయకండి.

ఒక ఉదాహరణ చూద్దాం. తెనాలి వైపు గన్నర్‌గా చేసి వచ్చినాయన, రెండు చెవులకూ వినికిడి తగ్గింది. బోర్డు 30 శాతం వేసింది. కారణం గడిలో 'దేవ్లాలీలో మొదలైంది, పీస్ స్టేషన్' అని రాసి సంబంధం లేదంది. దేవ్లాలీ పీస్ స్టేషనే, కాదనలేం. కానీ అక్కడున్నది స్కూల్ ఆఫ్ ఆర్టిలరీ, ఫైరింగ్ రేంజిల్లో గన్స్ పేలే చోటు. పైగా మోత వల్ల వచ్చే చెవుడు ఒక్క రోజులో రాదు, ఏళ్ల తరబడి పేరుకుంటుంది. బోర్డు రాసిన తేదీ జబ్బు కనిపెట్టిన తేదీ, కారణం పుట్టిన తేదీ కాదు. భర్తీనాడు చెవులు బాగున్నాయన్న రిపోర్టు, గన్ రెజిమెంట్లలో ఎన్నేళ్లు చేశాడన్న పట్టిక, మొదటి ఆడియోగ్రామ్, ఈ మూడూ పక్కపక్కన పెడితే అప్పీలుకు కావాల్సిన వాదన అక్కడే తయారవుతుంది. దయ గురించి ఒక్క మాట రాయక్కర్లేదు.

కోర్టులు ఇచ్చిన ఆయుధాలు

ధరమ్‌వీర్ సింగ్ కేసు, 2013 జులై 2. దీన్ని ఉటంకించకుండా అప్పీలు పంపకండి. భర్తీనాడు ఏ జబ్బూ నమోదు కాకపోతే ఆరోగ్యంగా చేరినట్టే భావించాలి, తర్వాత వచ్చిన జబ్బు సర్వీసు వల్ల కాదని రుజువు చేయాల్సింది ప్రభుత్వమే, సందేహం ఉంటే దాని లాభం సైనికుడికే, బోర్డు కారణాలు రాసి తీరాలి. ఈ సూత్రాలన్నీ 1982 రూల్స్ నుంచి తీసి ఒక్కచోట పెట్టిన తీర్పు అది. 2015 ఫిబ్రవరిలో రాజ్‌బీర్ సింగ్ కేసులో వాటినే మళ్లీ ఖాయం చేశారు. సియాచిన్‌లో పనిచేసి మూర్ఛ జబ్బుతో బయటికొచ్చిన బిజేందర్ సింగ్ కేసులో 2025 ఏప్రిల్‌లో కూడా సుప్రీంకోర్టు ఇదే దారిలో నడిచింది. పీస్ స్టేషన్‌లో మొదలైందన్న ఒక్క మాటతో టైప్ 2 షుగర్ కేసును కొట్టేయడం కుదరదని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో చెప్పింది.

ఇటువైపు మాత్రమే చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టవుతుంది. నర్సింగ్ యాదవ్ కేసులో 2019లో సుప్రీంకోర్టు జవానుకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. కొన్ని మానసిక జబ్బులు భర్తీనాడు బయటపడవు, కాబట్టి సర్వీసులో కనిపించినంత మాత్రాన సర్వీసు వల్లే అనలేం అంది. బోర్డు కారణం వివరంగా, వైద్యపరంగా రాస్తే కోర్టులు దానికి విలువిస్తాయి. అందుకే ముందు కారణం గడి చూడమన్నాను. అది ఖాళీగానో ఒక్క ముక్కగానో ఉంటే ధరమ్‌వీర్ సింగ్ మీ చేతిలో ఉన్నట్టు. అరపేజీ ఉంటే ఆ అరపేజీకి వాక్యం వాక్యం జవాబు చెప్పాలి.

జబ్బును బట్టి వాదన

బీపీ, షుగర్ కేసులే మన దగ్గర ఎక్కువ. మెడికల్ ఆఫీసర్ల గైడ్ 2008 ప్రకారం ఫీల్డ్, కౌంటర్ ఇన్‌సర్జెన్సీ, హై ఆల్టిట్యూడ్ ఏరియాల్లో చేస్తుండగా మొదలైతే సంబంధం ఒప్పుకోవాలి. మీకు పీస్‌లో బయటపడితే, దానికి ముందు వరుసగా ఎక్కడెక్కడ చేశారో నెలలతో సహా రాయండి. ఫీల్డ్ నుంచి వచ్చిన కొద్ది నెలలకే బయటపడితే అది బలమైన పాయింటు. పీస్ అన్నంత మాత్రాన టెన్షన్ లేదని కాదు, నైట్ గార్డు, కోర్సులు, కుటుంబానికి దూరంగా ఉండటం ఉన్నాయి. కానీ ఉత్త మాటగా రాస్తే కమిటీ పట్టించుకోదు, మీ డ్యూటీ ఏమిటో చూపించాలి.

గుండెపోటు అయితే అంతకుముందు 14 రోజుల్లో చేసిన డ్యూటీల వివరం, చార్టర్ ఆఫ్ డ్యూటీస్ అంటారు, కీలకం. అది యూనిట్ ఇవ్వాలి. బోర్డు ఫైల్లో ఉందో లేదో చూడండి. లేకుండానే సంబంధం లేదని తేల్చేసి ఉంటే ఆ లోపాన్ని అప్పీలులో మొదటి పాయింటుగా పెట్టండి.

గాయాల్లో ఒకటే ప్రశ్న, డ్యూటీకి ఆ గాయానికి ముడి ఉందా. పీటీ, గేమ్స్ పరేడ్, యూనిట్ బండి ప్రమాదం, సెలవు మీద ఇంటికి వెళుతూనో తిరిగి డ్యూటీకి వస్తూనో దారిలో జరిగిన ప్రమాదం అయితే నిలబెట్టొచ్చు. సెలవులో ఊళ్లో ఉండగా సొంత బైకు మీద పడితే కష్టం. చాలామంది వాదిస్తారు గానీ నెగ్గినవి తక్కువ.

అప్పీలు రాయడం

ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాలి. మూడు నాలుగు పేజీలు చాలు. తెలుగులో ముందు ఆలోచించి రాసుకుని తర్వాత మార్పించుకుంటే వాదన తప్పదు. వరస ఇలా ఉంటే బాగుంటుంది.

మొదట మీ వివరాలు, తిరస్కరణ లేఖ నంబరు, తేదీ, అది మీకు అందిన తేదీ. కవరు మీది తపాలా ముద్ర జాగ్రత్త చేయండి, ఆరు నెలలు లెక్క అక్కణ్నుంచే.

తర్వాత భర్తీ. 'ఫలానా తేదీన వైద్య పరీక్షలో అన్ని విధాలా ఫిట్‌గా తేలి చేరాను. ఆ రిపోర్టులో ఏ జబ్బూ నమోదు కాలేదు. ప్రతి అనుబంధం ఏ.' ఇంతే, కవిత్వం వద్దు.

తర్వాత పోస్టింగులు, జబ్బు మొదలైన తేదీ, వైద్యం, కేటగిరీ మారిన క్రమం.

ఆ పైన అసలు వాదన. బోర్డు రాసిన కారణాన్ని ఉన్నదున్నట్టు కొటేషన్‌లో పెట్టి, కిందనే జవాబు. 'బోర్డు కారణం: పీస్ స్టేషన్‌లో మొదలైంది. జవాబు: దీనికి ముందు 26 నెలలు నేను ఫలానా ఫీల్డ్ ఏరియాలో ఉన్నాను, అనుబంధం సి చూడగలరు. భర్తీకి ముందు జబ్బు లేదని బోర్డే ఒప్పుకుంది. సర్వీసుతో సంబంధం ఎందుకు లేదో వైద్యపరమైన కారణం ఎక్కడా రాయలేదు.' తర్వాత తీర్పుల పేర్లు రెండు మూడు, ఒక్కో వాక్యంలో. ఇరవై తీర్పులు అంటిస్తే ఎవరూ చదవరు.

చివర్లో ఏం కావాలో అంకెలతో అడగాలి. ఫలానా జబ్బును సర్వీసు సంబంధితంగా గుర్తించాలి, ఫలానా శాతాన్ని 50గా బ్రాడ్ బ్యాండ్ చేసి డిశ్చార్జ్ తేదీ నుంచి ఎరియర్స్‌తో మంజూరు చేయాలి.

వైద్య ఆధారం కొత్తది కావాలనుకుంటే ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్ నుంచి రిఫరల్ మీద స్పెషలిస్టు రిపోర్టు తీసుకోండి. గుంటూరు జీజీహెచ్‌లోనో మంగళగిరి ఎయిమ్స్‌లోనో చూపించుకున్న కాగితాలున్నా జతచేయొచ్చు. ఇప్పుడు జబ్బు ఎంత ఉందో చెప్పే కాగితం శాతం వాదనకు పనికొస్తుంది. సంబంధం వాదనకు అప్పటి మిలిటరీ కాగితాలే ముఖ్యం.

పంపడం, తర్వాత

ఆర్మీ జవాన్లు, జేసీఓల మొదటి అప్పీలు ఢిల్లీలోని ఆర్మీ హెడ్‌క్వార్టర్స్‌లో ఫస్ట్ అప్పీళ్ల కమిటీకి చేరుతుంది. నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లకు వేరు. తిరస్కరణ లేఖలోనే చిరునామా ఉంటుంది, అదే పాటించండి. ఒక కాపీ రికార్డ్స్‌కు. స్పీడ్ పోస్ట్ రసీదు, డెలివరీ అయినట్టు ట్రాకింగ్ ప్రింట్, పంపిన అప్పీలు పూర్తి జిరాక్స్ ఒకే ఫైల్లో పెట్టండి. గుంటూరు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సిబ్బంది ఫార్వార్డింగ్‌లో సాయం చేస్తారు. నేరుగా పంపినా చెల్లుతుంది.

మొదటి అప్పీలు కాదంటే ఆరు నెలల్లోగా రెండో అప్పీలు. ఇందులో కొత్తగా రాయాల్సింది మొదటి కమిటీ ఏం చెప్పి కాదందో దానికి జవాబు మాత్రమే. మొదటి అప్పీలునే తేదీ మార్చి పంపేవాళ్లున్నారు, అదే జవాబు తిరిగొస్తుంది.

ఈలోగా జబ్బు ముదిరితే రీ-అసెస్‌మెంట్ బోర్డు కోరే దారి వేరే ఉంది. 2001 ఫిబ్రవరి 7 నాటి రక్షణ శాఖ ఉత్తర్వు ప్రకారం శాశ్వత వైకల్యాన్ని ఒకసారి తేల్చాక, మీరే అడిగితే తప్ప మళ్లీ పరీక్షించరు. అడిగితే సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్ లాంటి చోట బోర్డు ముందుకు వెళ్లాలి. గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కేముందు ఒకటి ఆలోచించుకోండి, బోర్డు శాతం పెంచుతుందన్న హామీ లేదు. నిజంగా ముదిరిందని స్పెషలిస్టు కాగితం చేతిలో ఉంటేనే వెళ్లండి.

ట్రిబ్యునల్

హైకోర్టు మనకు పక్కనే అమరావతిలో ఉంది కదా, నేరుగా రిట్ వేసేద్దాం అని కొందరు తొందరపడతారు. సర్వీసు, పెన్షన్ వివాదాలకు మొదటి కోర్టు ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. ముందు అక్కడికి వెళ్లి రమ్మంటారు, నెలలు వృథా. ఆంధ్రప్రదేశ్‌కు చెన్నై రీజనల్ బెంచ్. విజయవాడలో పొద్దున పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నైలో దిగొచ్చు. రిటైరైనవాళ్లు తాము నివసించే ప్రాంతాన్నిబట్టి దరఖాస్తు వేసుకోవచ్చు, సర్వీసు ఎక్కడ ముగిసిందన్నది అడ్డు కాదు.

2007 చట్టం సెక్షన్ 21 ప్రకారం మిలిటరీలో ఉన్న దారులు ముందు వాడుకోవాలి. అప్పీలు పెట్టాక ఆరు నెలలు జవాబు రాకపోతే వాడుకున్నట్టే లెక్క. సెక్షన్ 22 గడువు చెబుతుంది. తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లోగా వేయాలి. జవాబే రాకపోతే, ఆ ఆరు నెలల ఎదురుచూపు ముగిశాక మరో ఆరు నెలల్లోగా. గడువు దాటినా తగిన కారణం చూపితే ట్రిబ్యునల్ మన్నించే అధికారం ఉంది. పెన్షన్ నెలనెలా రావాల్సింది గనుక నెలనెలా జరిగే అన్యాయంగానే చూస్తారు. కానీ ఆలస్యానికి శిక్ష ఎరియర్స్‌లో పడుతుంది. 2008 నాటి తర్‌సేమ్ సింగ్ తీర్పు ఆధారంగా, ఆలస్యంగా వచ్చినవాళ్లకు దరఖాస్తుకు ముందు మూడేళ్ల ఎరియర్స్ వరకే ఇస్తూ వచ్చారు. 2010లో రిటైరై ఇప్పుడు వేసినవాళ్లకు మధ్యలో పోయిన ఏళ్లు తిరిగి రాకపోవచ్చు.

ట్రిబ్యునల్‌లో మీరే వాదించుకోవచ్చు, వకీలును పెట్టుకోవచ్చు. నా సలహా, అప్పీళ్ల దాకా మీరే చేసుకోండి, ట్రిబ్యునల్‌కు వకీలును పెట్టుకోండి. కానీ అక్కడే దళారీలు మాటు వేసి ఉంటారు. 'మీరేం ఖర్చు పెట్టక్కర్లేదు సార్, వచ్చిన ఎరియర్స్‌లో ముప్పై శాతం ఇవ్వండి' అంటారు. ఫలితాన్నిబట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం వకీళ్లకు నిషేధం. ఆ మాట అన్నవాడు వకీలైనా కాకపోయినా లేచి వచ్చేయండి. ఖాళీ వకాల్తా మీద, ఖాళీ చెక్కు మీద సంతకం అసలే వద్దు. ఫీజు కట్టే స్థితి లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. 2025 జులైలో నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) మొదలుపెట్టిన వీర్ పరివార్ సహాయతా యోజన కింద సైనిక సంక్షేమ కార్యాలయాల్లో న్యాయ సహాయ క్లినిక్‌లు పెట్టడమే ఉద్దేశం. మీ జిల్లాలో అది ఏ రోజు కూర్చుంటుందో ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.

ట్రిబ్యునల్‌లో ఓడినా హైకోర్టు తలుపు తెరిచే ఉంది. పరషోత్తమ్ దాస్ కేసులో 2023లో సుప్రీంకోర్టు ఆ హక్కును ఖాయం చేసింది. గెలిచినా అదే తలుపు ప్రభుత్వానికీ తెరిచి ఉందని గుర్తుంచుకోండి.

ఉత్తర్వు వచ్చాక

ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసుకుని, ఒక కవరింగ్ లెటర్‌తో రికార్డ్స్‌కు, పెన్షన్లు మంజూరు చేసే ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ పెన్షన్స్‌కు స్పీడ్ పోస్ట్‌లో పంపండి. ట్రిబ్యునల్ పెట్టిన గడువు దాటినా కదలిక లేకపోతే అమలు కోసం మళ్లీ అక్కడే దరఖాస్తు వేయొచ్చు. అన్నీ సవ్యంగా జరిగితే సవరించిన పీపీఓ వస్తుంది, స్పర్శ్ (రక్షణ పెన్షన్ల ఆన్‌లైన్ పోర్టల్)లో మీ లాగిన్‌లో కనిపిస్తుంది. అందులో నాలుగు అంకెలు చూడాలి. వైకల్యం శాతం, బ్రాడ్ బ్యాండ్ చేసిన శాతం, ఏ తేదీ నుంచి, జీవితాంతమా లేక కొన్నేళ్లకేనా. 'తుది తీర్పుకు లోబడి' అన్న మాట ఉంటే ప్రభుత్వం పైకోర్టుకు వెళ్లిందనో వెళ్లే ఆలోచనలో ఉందనో అర్థం, ఆ డబ్బు మొత్తం ఇల్లు కట్టడానికి పెట్టేయకండి. తేడా కనిపిస్తే స్పర్శ్‌లోనే గ్రీవెన్స్ వేసి, టికెట్ నంబరు రాసుకుని, పాత ఫైల్లోనే పెట్టండి. లాగిన్ తిప్పలు పడలేనివాళ్లు ఆధార్, పీపీఓ, సవరించిన ఉత్తర్వు పట్టుకుని దగ్గర్లోని కామన్ సర్వీస్ సెంటర్‌కు వెళితే వాళ్లు చేసిపెడతారు. పాస్‌వర్డు మాత్రం కాగితం మీద రాసి వాళ్లకు ఇచ్చి రాకండి.